మళ్ళీ ఊడిందా?

ఆ అమ్మాయికి ప్రపోజ్ చేద్దామా వద్దా అని తేల్చుకోవడానికి మావాడికి మూడేళ్ళు పట్టింది. ఆ ఘట్టాన్ని ఫొటో తీసేది నేనేనని తేల్చడానికి మాత్రం మూడు సెకన్లు కూడా పట్టలేదు. "నీ దగ్గర పెద్ద కెమెరా ఉంది కదరా!" అన్నాడు. కెమెరా పెద్దదైతే దాని వెనకున్నవాడు కూడా పెద్దవాడే అయ్యుంటాడని జనం నమ్మకం. నేనూ ఆ నమ్మకాన్ని ఎన్నడూ వమ్ము చేయలేదు, అప్పటిదాకా.

పథకం కాగితం మీద బ్రహ్మాండంగా కుదిరింది. పార్కులో చెరువు గట్టు. పొద్దు గుంకే ముందు పడే బంగారు రంగు ఎండ. ఇరవై మీటర్ల దూరంలో పొద, పొద వెనక నేను, నా చేతిలో దూరాన్ని దగ్గరికి లాగే 70-200 జూమ్ లెన్సు. అంత దూరం నుంచి 200కి జూమ్ చేసి కెమెరా నిలువుగా పట్టుకుంటే ఇద్దరూ తల నుంచి కాలి దాకా ఫ్రేములో సరిపోతారు. షటర్ స్పీడు సెకనులో 1/500 వంతు. చెయ్యి వణికినా వాడి మోకాలు వణికినా ఫొటో చెదరదు.

ముందురోజు వాడికి గంటసేపు క్లాసు పీకాను. "నాకు వీపు చూపించకు, పక్కకి తిరిగి ఉండు. ఉంగరం డబ్బా మొహానికి అడ్డంగా ఎత్తకు, గుండెల దగ్గరే పట్టుకో. ఆమె జవాబు చెప్పగానే ఎగిరి లేవకు, పది సెకన్లు మోకాలి మీదే ఉండు."

"కాదంటేనో?"

"అప్పుడైనా సరే, పది సెకన్లు ఉండు."

మోకాలి మీదకి దిగేముందు వాడు సైగగా తల గోక్కోవాలని అనుకున్నాం. ఈ సైగ ఎంచుకున్నది నేనే. టెన్షన్ వస్తే తల గోక్కోవడం వాడికి పుట్టుకతో వచ్చిన అలవాటని ఎరిగుండి కూడా ఎంచుకున్నాను చూడండి, అదీ నా తెలివి. పార్కులోకి వచ్చిన పది నిమిషాల్లో ఏడుసార్లు గోక్కున్నాడు. ఏడుసార్లూ నేను ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తాను, దించాను. ఎనిమిదోసారికి చేతులు లాగేశాయి. ఇక లాభం లేదని తలను వదిలేసి మోకాలిని నమ్ముకున్నాను. మోకాలు వంగితే నొక్కడమే.

ఎండ ఇంకా తెల్లగా, కటికగా ఉంది. "ఆగు, వెలుగు రాలేదు" అని మెసేజ్ పెట్టాను. పాపం, వాడు ఆమెను చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు తిప్పాడు. ఏం చెప్పి తిప్పాడో నాకు తెలీదు. మూడో రౌండుకే ఆమె నడకలో ఉత్సాహం తగ్గిందని మాత్రం లెన్సులోంచి స్పష్టంగా కనబడింది.

ఈలోగా ఒక బుడతడు నా పక్కన చేరాడు. "అంకుల్, ఏం తీస్తున్నారు?"

"పిట్టనమ్మా. మాట్లాడితే ఎగిరిపోతుంది."

వాడు నా లెన్సు ఎటుందో చూశాడు, అటువైపు చూశాడు. "అక్కడ పిట్ట లేదు అంకుల్, అన్నయ్యా అక్కా ఉన్నారు" అని పార్కంతా వినబడేలా చెప్పాడు. వాడికి పిట్ట చూపించి పంపేసరికి ఎండ బంగారమైంది. మళ్ళీ లెన్సులో కన్నుపెట్టాను. సరిగ్గా అప్పుడే మావాడు ఆగాడు. మోకాలు వంచాడు.

నొక్కాను. నా కెమెరా సెకనుకు పది ఫొటోలు కొడుతుంది. అద్భుతమైన కాంతి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది, కళ్ళలో తడి మెరిసింది. నొక్కుతూనే ఉన్నాను. నాకే కళ్ళు చెమర్చాయి. అప్పుడు మావాడు బూటు లేసు ముడి గట్టిగా బిగించి, లేచి, ప్యాంటు దులుపుకున్నాడు.

తీసినవి తీసినట్టే మెమరీ కార్డులోకి వెళ్ళిపోతాయని అందరూ అనుకుంటారు. వెళ్ళవు. ముందు కెమెరాలోనే బఫర్ అనే చిన్న గదిలో గుమికూడి, అక్కడి నుంచి ఒక్కొక్కటే కార్డులోకి దిగుతాయి. నావేమో కెమెరా చూసింది చూసినట్టు దాచే 'రా' (RAW) ఫైళ్ళు, ఒక్కోటీ భారీ, మూడు సెకన్లకే ఆ గది కిక్కిరిసిపోయింది. కార్డేమో పాతది, పిసినారితనంతో మార్చలేదు. కెమెరా వెనక ఎర్రలైటు టకటకా కొట్టుకుంటోంది. ఇప్పుడు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

మావాడు తల గోక్కున్నాడు. మళ్ళీ మోకాలి మీదకి దిగాడు. ఈసారి పక్కకి తిరిగి, డబ్బా గుండెల దగ్గర పెట్టుకుని, నేను చెప్పింది చెప్పినట్టు.

ఆమె కిందికి చూసి అంది: "మళ్ళీ ఊడిందా?"

1839లో డాగెర్ అనే ఫ్రెంచివాడి ఫొటో పద్ధతి బయటికొచ్చిన కొత్తలో ఒక్క ఫొటోకి నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. ఆ కాలంలో అయితే మావాడు అలాగే బిగుసుకుని ఉండేవాడు, నేను బతికిపోయేవాణ్ణి. ఈ కాలంలో వాడు చెప్పినట్టే పది సెకన్లు ఉన్నాడు. నా కెమెరాకి ఇరవై కావాలి. ఆమె ఊఁ అనడం, వాడు లేవడం, ఇద్దరూ కౌగిలించుకోవడం అన్నీ నేను మామూలు కళ్ళతోనే చూశాను. చూడటానికి చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత పొదలోంచి బయటికొచ్చి ఏం చెప్పానో, వాడు ఏమన్నాడో రాయను. వాడు మళ్ళీ మోకాలి మీద కూర్చున్నాడు, నాలుగుసార్లు. ఆమె నాలుగుసార్లూ ఒప్పుకుంది. నాలుగోసారి "చెప్పాను కదా, సరేనని" అని కొంచెం గట్టిగానే ఒప్పుకుంది. ఆ ఫొటోలన్నింట్లోనూ ఇద్దరూ నావైపే చూస్తున్నారు, బ్యాంకులో సంతకం సరిపోలనివాళ్ళలా.

చివరికి వాళ్ళింట్లో గోడెక్కింది లేసు ఫొటోనే. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగిపోతారు. "ఎంత సహజంగా ఉందో! ఆ ఆశ్చర్యం చూడు, ఆ కన్నీళ్ళు చూడు" అంటారు. నాలుగు రౌండ్లు తిరిగి అలిసిపోయి ఆవులించిందని, ఆవులిస్తే ఆమెకి కళ్ళలో నీళ్ళొస్తాయని మా ముగ్గురికే తెలుసు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు దగ్గరికెళ్ళి చూసి "ఉంగరం ఏదీ?" అని అడుగుతారు. "చెయ్యి అడ్డమొచ్చింది" అంటుంది ఆమె, తడుముకోకుండా.

మావాడు మాత్రం ఇప్పుడు లేసుల్లేని బూట్లే కొంటున్నాడు.