చుక్క జరపడం మన జన్మహక్కు

బొమ్మ గీస్తే భాగహారం అర్థమవుతుందని ఎవరో పిల్లలకు నూరిపోస్తున్నారు. మొగ్గలోనే తుంచకపోతే ఇది ఎంతదాకా పోతుందో నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

మా తరం పద్ధతి వేరు. 3ని 0.5తో భాగించమంటే కిందిదాని చుక్కను కుడికి జరిపి, పైదానికి సున్నా తగిలించి, 30ని 5తో భాగించేవాళ్ళం. ఆరు. ఎందుకు జరపాలని అడిగినవాడు బెంచీ ఎక్కేవాడు. భాగిస్తే తగ్గాల్సిన మూడు ఆరెలా అయిందన్న అనుమానం కూడా మాకెప్పుడూ రాలేదు. క్రమశిక్షణ అంటే అది.

ఇప్పుడు మా మేనకోడలు మూడు పట్టీలు గీసి, ఒక్కోదాన్ని సగానికి చీల్చి, "మూడింట్లో సగాలు ఎన్ని ఉన్నాయనేగా మామయ్యా? ఆరు" అంటుంది. సున్నా తగిలించడం లేదు, టెన్షన్ లేదు. టెన్షన్ లేనిది గణితమెలా అవుతుంది?

పోనీలే అనుకుంటే, వంద గళ్ళ డబ్బా తెచ్చింది. డబ్బా మొత్తం ఒకటి. ఒక్క గడి 0.01. అదే 1 శాతమట! దశాంశాలకో పాఠం, శాతాలకో పాఠం, రెంటికీ రెండు పరీక్షలు అని పెద్దలు చేసిన ఏర్పాటు ఆ డబ్బాతో కూలిపోయింది. 0.6ని 0.15తో భాగించడానికి 60 గళ్ళకు రంగేసి, పదిహేనేసి గళ్ళకు చుట్టూ గీత గీసింది. నాలుగు చుట్లు. "నువ్వు చుక్క జరిపి చేసేదీ ఇదే కదా, 60లో 15లు ఎన్నని" అంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనికి అర్థం ఉందని ఈ వయసులో తెలిస్తే మనిషి ఎలా తట్టుకుంటాడు?

(ఆ చుక్కేమైనా అనాదిగా ఉందా అనకండి. యూరప్‌కు దశాంశాలను అలవాటు చేసిన సైమన్ స్టెవిన్ 1585 నాటి పుస్తకంలో చుక్కే పెట్టలేదు, అంకెల పక్కన వాటి స్థానం చెప్పే చిన్న అంకెలను గుండ్రటి గీతలో చుట్టి పెట్టాడు. చరిత్ర తవ్వితే ఇలాంటివే బయటపడతాయి.)

బొమ్మను ఓడించడానికి ఒకటిని 0.3తో భాగించమన్నాను. పట్టీని పది ముక్కలు చేసి, మూడేసి చొప్పున మూడు గుత్తులు తీసింది. ఒక ముక్క మిగిలింది. "మిగిలింది 0.1, కాబట్టి 3.1!" అని గెలిచినట్టే అరిచాను. "పట్టీలో అది పదో వంతే. కానీ మనం కొలుస్తున్నది గుత్తులతో కదా. గుత్తిలో అది మూడో వంతు. మూడూ, ఇంకో మూడో వంతూ." 3.333 అని రాస్తూ ఆ మూళ్ళు ఎందుకు ఆగవో ఏనాడూ అడగని నాకు, ఆ ఒంటరి ముక్కను చూస్తే చిన్నతనంగా అనిపించింది.

ఇక శాతాలు. 100 యాభై శాతం పెరిగి, మళ్ళీ యాభై శాతం తగ్గితే చెల్లుకు చెల్లు అన్నది నా జీవిత సిద్ధాంతం. తను 150 పొడవు పట్టీ గీసి సగం కొట్టేసింది. 75. తిరిగి వందకు రావాలంటే 150ని 1.5తో భాగించాలట, అంటే మూడో వంతే తగ్గించాలట. మూడు ముక్కలు చేసి ఒకటి చెరిపి చూపించింది కూడా.

అందుకే పిల్లలకు పెన్సిళ్ళు ఇవ్వడం ఆపాలని అర్జీ రాశాను. దాని వెనక ఉన్న గళ్ళు నేను గీసినవే. లెక్క సరిచూసుకోవడానికి కాదు, ఊరికే.