సవరణ: మార్డేల్ గ్రీన్‌లో గోపురం లేదు

ఇంగ్లండు ఉత్తరాన, లేక్ డిస్ట్రిక్ట్‌లో మునిగిపోయిన మార్డేల్ గ్రీన్ అనే ఊరి గురించి రాస్తూ, కరవు ఏడాదిలో హాస్‌వాటర్ జలాశయం అడుగంటితే పాత చర్చి గోపురం నీళ్లలోంచి తొంగిచూస్తుందన్నాను. అది తప్పు.

మాంచెస్టర్ నగరపు తాగునీటి కోసం ఆ లోయను నింపకముందే చర్చిని విప్పేశారు. చివరి ప్రార్థన 1935 ఆగస్టులో జరిగింది. చర్చి రాళ్లు కొన్ని జలాశయం ఒడ్డున నీటిని తోడే బురుజుకు వాడుకున్నారు. అంతకుముందే శ్మశానంలోని 97 మంది అవశేషాలను తవ్వితీశారు. ఎక్కువమందిని పక్కనున్న షాప్ గ్రామంలో మళ్లీ పూడ్చారు. ఇళ్లను సైనిక ఇంజనీర్లు పేల్చివేశారు.

నీరు బాగా తగ్గినప్పుడు బయటపడేవి కూలిన రాతిగోడలు, ఒక చిన్న వంతెన. మునిగిన ఊరు అనగానే నా ఊహ గోపురాన్ని నిలబెట్టేసింది. పాత వ్యాసంలో ఆ వాక్యం తీసేశాను.