అండమాన్ ‘అయస్కాంత మచ్చ’కూ విశాఖ సునామీకీ లంకె లేదు

విశాఖ ఫిషింగ్ హార్బర్ గ్రూపుల నుంచి మధురవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా ఒక మెసేజ్ తిరుగుతోంది. అండమాన్ సముద్రం అడుగున అయస్కాంత శక్తి ఒక్కసారిగా పెరిగిందట, అక్కడ దిక్సూచి గిర్రున తిరుగుతోందట, పటంలో ఎర్రగా ఉన్నచోట లావా పొంగుతోందట, విశాఖకు సునామీ తప్పదట, ఇదంతా ప్రభుత్వం దాచేసిందట. కింద ఎరుపు, నీలం రంగుల పటమొకటి. అలాంటి పటాలు నిజంగానే ఉన్నాయి. వాటిని చదివిన తీరే తప్పు.

‘దిక్సూచి గిర్రున తిరుగుతోంది.’ అండమాన్ దగ్గర భూ అయస్కాంత క్షేత్రం సుమారు 42 వేల నానోటెస్లాలు (క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం). అడుగున ఉన్న రాళ్ల వల్ల నీటిపైన కనిపించే తేడా సాధారణంగా కొన్ని వందలు. 300 నానోటెస్లాలు పూర్తిగా తూర్పుకు లాగినా ముల్లు జరిగేది అర డిగ్రీ లోపే. బోటులో దిక్సూచి తప్పు చూపిస్తుంటే ముందు దాని పక్కనున్న స్పీకరు, ఇనప సామాను తీసి చూడండి. జీపీఎస్ నడిచేది ఉపగ్రహాల రేడియో సంకేతాలతో, దానికి ఈ గొడవే లేదు.

తేడా ఇంత చిన్నది కాబట్టే కొలవడం కష్టం. ఓడ ఉక్కు ప్రభావం తగలకుండా సెన్సర్‌ను ఓడ పొడవుకు మూడు రెట్ల దూరంలో కేబుల్‌తో లాగుతారు. జీపీఎస్ యాంటెన్నా ఓడ మీద, సెన్సర్ 250 మీటర్లు వెనక అనుకుందాం. ఆ దూరం సరిచేయకపోతే ఓడను ఎదురెదురు దిశల్లో నడిపి కొలిచిన పక్కపక్క లైన్ల మధ్య 500 మీటర్ల తేడా వచ్చి, పటంలో రంపపు పళ్లు కనిపిస్తాయి. వాటిని పగుళ్లుగా చదివేవాళ్లూ లేకపోలేదు. పగటిపూట క్షేత్రం దానంతటదే పదుల నానోటెస్లాలు మారుతుంది, దాన్ని తీసేయడానికి దగ్గర్లో ఒకేచోట ఉండి కొలిచే బేస్ స్టేషన్ కావాలి. ఈ మార్పు సూర్యుడి వెంట నడుస్తుంది కాబట్టి విశాఖలో పెడితే చాలదు: పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మనకంటే దాదాపు 38 నిమిషాల ముందు.

‘ఎర్రగా ఉన్నచోట లావా.’ అసలు పొరపాటు ఇక్కడుంది. ఎరుపు వేడికి గుర్తు కాదు, లెక్కగట్టిన క్షేత్రం కంటే కొలిచింది ఎక్కువని మాత్రమే. పైగా వేడెక్కిన రాయి అయస్కాంతత్వం పోగొట్టుకుంటుంది, రాళ్లలోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజానికి ఆ హద్దు 580 డిగ్రీల సెల్సియస్. ఇంకో చిక్కు: అండమాన్ అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర, అక్కడ క్షేత్రం దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే ఇప్పటి క్షేత్రం దిశలోనే అయస్కాంతత్వం ఉన్న కొండకు సరిగ్గా పైన నీలం, ఉత్తర దక్షిణాల పక్కల్లో ఎరుపు వస్తాయి. ఎర్ర మచ్చ మీద వేలు పెట్టి ‘ఇదే అగ్నిపర్వతం’ అంటే కొండ పక్కన వేలు పెట్టినట్టే. అదే కొండ ధ్రువం దగ్గర ఉంటే పటం ఎలా ఉండేదో లెక్కగట్టే గణితం వాడి సరిచేద్దామంటే, ఇంత తక్కువ అక్షాంశంలో అది కొలతల్లోని నాయిస్‌ను పెంచి ఉత్తర దక్షిణ చారలు పుట్టిస్తుంది. అందుకే క్షేత్రం ఎంత వేగంగా మారుతోందో చూపే అనలిటిక్ సిగ్నల్ పటం కూడా గీసి పోల్చుకోవాలి. ద్వీపాల వరసలాగే ఉత్తర దక్షిణాలుగా సాగిన రాతిపొర ఎంత పొడవున్నా దాదాపు కనిపించదు, కొసలు మాత్రమే తేలతాయి. కాబట్టి రంగులేని చోట రాయి లేదనీ అనలేం. అండమాన్‌లోని బారెన్ ద్వీపపు అగ్నిపర్వతం సంగతి కొత్తేమీ కాదు, 1787 నుంచే విస్ఫోటాలు నమోదయ్యాయి, 1991లో మళ్లీ మేల్కొంది.

‘సునామీ తప్పదు.’ 2004 డిసెంబర్ 26న సునామీ తెచ్చింది భూఫలకాల మధ్య జారుడు. ఆ జారుడు ఎప్పుడో అయస్కాంత పటం చెప్పదు. రాతిలోని ఈ గుర్తు చాలావరకు అది చల్లారినప్పుడే పడింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి నడుస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం చూసేది భూకంప లేఖినులు, సముద్రపు అడుగున పీడన మాపకాలు, తీరంలో నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్‌లను.

‘దాచేశారు.’ ఈమ్యాగ్-2 అనే ప్రపంచ అయస్కాంత పటాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అది దశాబ్దాల ఓడ, విమాన, ఉపగ్రహ కొలతలను కలిపి కుట్టినది, గడి సుమారు 3.7 కిలోమీటర్లు. ‘ఒక్కసారిగా పెరిగింది’ అనాలంటే అదే లైన్‌ను అదే దిశలో మళ్లీ నడిపి, బేస్ స్టేషన్ సవరణ చేసి, రెండు కొలతలూ పక్కపక్కన పెట్టాలి. మెసేజ్‌లో ఒక్క పటమే ఉంది, దాని మీద తేదీ కూడా లేదు.