శాసనసభ చూడటం ఎలా?

ఈ కాలం విద్యార్థులకు శాసనసభ చూడటం రాదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న తెల్లటి భవనంలోకి సివిక్స్ పుస్తకం బుర్రలో పెట్టుకుని వెళ్తారు, మొహం వేలాడేసుకుని బయటికొస్తారు. తప్పు సభది కాదు. చూసేవాళ్ళకు తగిన శిక్షణ లేదు. ఆ లోటు తీర్చడం కోసమే ఈ నాలుగు ముక్కలు.

ముందు పాస్ సంగతి. ఎమ్మెల్యే గారి సిఫారసు కోసం ఆయన పీఏ చుట్టూ తిరగాలి. విసుక్కోవద్దు బాబూ. ప్రజలకు ప్రతినిధి ఎమ్మెల్యే, ఎమ్మెల్యేకు ప్రతినిధి పీఏ. ఈ అంచె మీ సిలబస్‌లో లేదు.

గ్యాలరీలో కూర్చోగానే కింద ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. కంగారు పడొద్దు. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, పదిమంది, లేదా మొత్తం సభ్యుల్లో పదోవంతు, ఏది ఎక్కువైతే అది. తెలంగాణలో సభ్యులు 119 మంది కాబట్టి 12 మంది చాలు. పదకొండు మందితో క్రికెట్ జట్టవుతుంది, ఇంకొక్కరు కలిస్తే శాసనసభ అవుతుంది. అయినా మిగతావాళ్ళు ఇళ్ళల్లో పడుకున్నారని ఎవరన్నారు? మీడియా పాయింట్ దగ్గర ఉంటారు. లోపల మాట్లాడితే ఉన్న ఒక్క మైకూ కట్ అవుతుంది, అక్కడ డజను మైకులు నోటిదాకా వస్తాయి. నువ్వైతే ఎక్కడ మాట్లాడతావు?

ఎవరు అధికారపక్షం, ఎవరు ప్రతిపక్షం అని పక్కవాణ్ణి అడగొద్దు, అతనికీ తెలియదు. కాస్త లెక్కలు వస్తే నయం. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. ఫిరాయింపు వేటు పడకుండా ఉండటానికి కావాల్సింది సరిగ్గా ఆ మూడింట రెండువంతులే! భిన్నాలు ఇంత శుభ్రంగా ఏ లెక్కల మాస్టారు చెప్పగలడు? 2023 ఎన్నికల తర్వాత గాలి అటు నుంచి ఇటు తిరిగింది. బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న ఆ టీఆర్‌ఎస్ తరఫున గెలిచిన పదిమంది ఎటువైపో మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సొచ్చింది. సుప్రీంకోర్టు గడువు పెట్టి అడిగిన విషయం నీకు గ్యాలరీలో కూర్చున్న గంటలో తెలిసిపోవాలా?

ఇక క్రమశిక్షణ. చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు. కింద గౌరవ సభ్యుడు అరుస్తున్నప్పుడు నీకు నవ్వొస్తే మింగెయ్. 194వ అధికరణ సభలో వాక్‌స్వాతంత్ర్యం సభ్యుడికిచ్చింది. నవ్వే స్వాతంత్ర్యం సందర్శకుడికిచ్చినట్టు రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

అసలు కష్టమంతా పద్దుల రోజున, అంటే శాఖల ఖర్చులకు సభ ఆమోదం తెలిపే రోజున. ప్రతిపక్షం పోడియం చుట్టూ చేరుతుంది, ప్లకార్డులు లేస్తాయి, "అధ్యక్షా, అధ్యక్షా" అంటూ నలుగురు ఒకేసారి మొదలుపెడతారు. పెద్దాయన ఒకరు ఎప్పుడో పాతికేళ్ళ కిందటి సంగతి తవ్వుతారు, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇంకొకరు, రికార్డుల నుంచి తొలగించాలని మరొకరు. నువ్వు గుడ్లప్పగించి అటే చూస్తావు. అక్కడే పప్పులో కాలేస్తావు. చూడాల్సింది గొడవను కాదు, స్పీకర్ పెదాలను. "అనుకూలమైనవారు అవును అనండి, కానివారు కాదు అనండి" అన్న మాట ఆ హోరులో చెవిన పడదు, పెదాల కదలికను బట్టి పట్టుకోవాలి. దీన్నే మూజువాణి ఓటు అంటారు. చేతులెత్తి లెక్కపెట్టడం లాంటి నామోషీ పనులుండవు. 2014 జనవరి 30న విభజన బిల్లును తిరస్కరించాలన్న తీర్మానాన్ని ఉమ్మడి శాసనసభ నెగ్గించింది కూడా మూజువాణితోనే. జూన్ 2కల్లా రెండు రాష్ట్రాలయ్యాయి, అది వేరే విషయం.

2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. అంత సొమ్ము శాఖలవారీగా పద్దులై సభ ముందుకొస్తుంది. వెనకటి సంగతులకు గంటలు పట్టొచ్చు గానీ పద్దుకు నిమిషాలు చాలు. నువ్వు కిందపడ్డ పెన్ను తీసుకునేలోపు ఒక శాఖ ఆమోదం పొందుతుంది. అది సంక్షేమ శాఖే అయితే, అందులోనే నీ ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటుంది.

పద్దు పాసైంది సరే, ఆ డబ్బు కాలేజీకి ఎప్పుడు చేరుతుంది, నా సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు అని లేచి అడగాలనిపిస్తుంది నీకు. ప్రశ్న మంచిదే. కానీ గ్యాలరీలోంచి అడిగితే బయటికి పంపిస్తారు. అది మీ ఎమ్మెల్యే గారు అడగాలి. ఆయన మీడియా పాయింట్ దగ్గరున్నారు.