రంధ్రాన్వేషణలో మన వెనకబాటుతనం

రంధ్రాన్వేషణలో తెలుగువాడిని మించినవాడు లేడని చాలాకాలం నమ్మాను. పెళ్లి భోజనంలో పాతిక రకాలు వడ్డించినా సాంబారులో ములక్కాడ ముదిరిపోయిందని కనిపెట్టగలం. సినిమా ఇంటర్వెల్ పడకముందే కథలో బొక్క ఎక్కడుందో పదిమందికి మెసేజ్ పెట్టేస్తాం. నాకైతే పదిహేనేళ్లుగా ఉద్యోగమే అది. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతికినందుకు నెలనెలా జీతం తీసుకుంటున్నాను. అలాంటి నన్ను ఒక ప్యాంటు ఓడించింది. జాతి పరువుకు సంబంధించిన విషయం, దాచడం భావ్యం కాదని రాస్తున్నాను.

ప్యాంటు అన్నాను గానీ దాని పేరు వేడర్స్. పేరులో తప్ప ఎక్కడా వేడి ఉండదు. పాదాల నుంచి గుండెల దాకా ఒకటే తొడుగు, భుజాలకు పట్టీలు, నడుముకు బెల్టు. ఇక్కడ సియాటెల్ చుట్టుపక్కల స్నోక్వాల్మీ, స్కైకొమిష్ లాంటి నదుల్లో చలికాలం నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. ఆ నీళ్లలో నడుం లోతున నిలబడి స్టీల్‌హెడ్ అనే చేప కోసం గాలం విసరాలంటే ఇది తప్పదు. తీరా చేప పడిందే అనుకోండి. వీపు మీద, తోకకు దగ్గరగా ఉండే బుల్లి రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీలో పెంచింది, నిబంధనలు ఒప్పుకున్నచోట ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ రెక్క ఉందంటే నదిలో పుట్టి పెరిగిన చేప. దాన్ని నీళ్లలోంచి పైకి కూడా ఎత్తకుండా వదిలేయాలన్నది వాషింగ్టన్ రాష్ట్ర నిబంధన. నాకు పడేవన్నీ రెక్కలున్నవే.

"పులుసులోకి రాని చేప కోసం ఇంత ఖర్చేంట్రా? పంచె ఎగ్గట్టుకుని దిగితే పోయేదానికి!" అని అమ్మ ఫోన్‌లో అంది. అమ్మకు టెక్నాలజీ అంటే మొదటినుంచీ చిన్నచూపే.

ఆ టెక్నాలజీ సంగతి కొంచెం చెప్పాలి. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే పుటుక్కుపుటుక్కున తెగిపోతున్నాయట. విసుగొచ్చి ఒకదాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది తెగకుండా బారెడు సాగింది. అలా సాగిన పొరలో చదరపు అంగుళానికి 900 కోట్లకు పైగా సూక్ష్మరంధ్రాలు ఉంటాయని తయారుచేసేవాళ్ల లెక్క. వాటిలోంచి చెమట ఆవిరి బయటికి పోతుంది, నీటి బొట్టు మాత్రం లోపలికి రాలేదు. అంటే నేను అంత డబ్బు పోసి కొన్నది ముఖ్యంగా రంధ్రాలనే. 900 కోట్లు ఉన్నంతసేపు ఒంటికి చుక్క తగలదు. ఆ పైన ఒక్కటి పడితే మేజోళ్లు పిండుకోవాలి. కంపెనీ పెట్టిన బొక్కకీ మనం పెట్టుకున్న బొక్కకీ ఉన్న తేడా అది.

కారుతోందని మొదటిసారి తెలిసినప్పుడు, నేను రోజూ తిట్టుకునే డెవలపర్లు ఏమంటారో నేనూ అదే అన్నాను. ఇది లీకు కాదు, చెమట. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. గట్టు మీద గంట నడిచి చల్లటి నీళ్లలో దిగితే లోపలి ఆవిరి చెమ్మగా మారుతుంది. కాకపోతే చెమ్మ రెండు కాళ్లకూ సమానంగా పడుతుంది. మూడోవారం నా కుడి మేజోడు పిండితే గ్లాసెడు నీళ్లొచ్చాయి. అంత చెమట పట్టాలంటే నాతోపాటు ఇంకో ముగ్గురు ఆ కాల్లోనే ఉండాలి.

తడిసింది పాదం కాబట్టి తప్పు పాదానిదేనని తీర్మానించి, అడుగున ఉన్న నియోప్రీన్ (మెత్తటి రబ్బరు) సాక్సుకి నిండా జిగురు పూశాను. ఆఫీసుల్లో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతే ఇది. చిల్లు తొడ దగ్గర పడినా నీళ్లు తేలేది అడుగునే, సంజాయిషీ ఇచ్చుకునేదీ అడుగున ఉన్నవాడే. పై ఆదివారం పాదం యథావిధిగా తడిసింది.

ఇక శాస్త్రీయ పద్ధతులకు దిగాను. రాత్రి బాత్రూంలో లైటార్పి, టార్చి వెలిగించి వేడర్స్ కాల్లోకి దించి, బయటినుంచి అంగుళం అంగుళం వెతికాను. పెద్ద చీలికైతే చుక్కలా మెరుస్తుంది. సూది మొనంత చిల్లు ఇలా దొరకదు. నేనే దొరికిపోయాను. మా అబ్బాయి తలుపు తోసి, చీకట్లో వెలుగుతున్న కాలినీ దాన్ని వాటేసుకుని కూర్చున్న తండ్రినీ ఒక్క క్షణం చూసి, మాట్లాడకుండా తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. ఇంతవరకూ ఆ ప్రస్తావన తేలేదు. వాడిది మంచి మనసు.

తర్వాత గ్యారేజీ దూలానికి వేలాడదీసి కుడి కాలినిండా నీళ్లు పోశాను. బయట ఎక్కడ చుక్క ఊరితే అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టాలన్నది పథకం. ఒక్క కాలు రెండు బకెట్లు తాగింది. ఆ బరువుకి కుట్లు లాగాయి, దూలం కిర్రుమంది. చెత్తబుట్ట బయట పెడుతున్న పక్కింటి పెద్దాయన తలకాయ లేని మనిషి ఉబ్బిన కాలితో వేలాడటం చూసి, చాలా మర్యాదగా, "అంతా బాగానే ఉందా?" అని అడిగాడు. నేనూ అంతే మర్యాదగా బాగానే ఉందన్నాను. ఆయన నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు.

చివరికి నిజం చెప్పించింది మందు. మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని స్ప్రే సీసాలో పోసుకుని, వేడర్స్‌ని లోపలిది బయటికి తిప్పి చల్లాలి. ఇది మండే సరుకు కాబట్టి కిటికీలు తెరిచి, దేవుడి దగ్గర దీపం కొండెక్కేదాకా ఆగి మొదలుపెట్టాను. నీళ్లు దూరలేని సందులో కూడా ఆల్కహాల్ దూరిపోతుంది. పొర బాగున్నచోట బట్ట రంగు మారదు, చిల్లు ఉన్నచోట మాత్రం నల్లటి మచ్చ తేలుతుంది. మందు పడ్డాక లోపలి బొక్కలు బయటపడటం మనుషుల్లోనూ చూస్తున్నదే గానీ, ఇంత శుభ్రంగా లెక్కపెట్టుకునే వీలు మనుషుల్లో ఉండదు. గోర్ పొర లాంటిదైతేనే ఈ చిట్కా. నియోప్రీన్‌కి పనిచేయదు, దానికి మళ్లీ బకెట్లే గతి.

మోకాలి లోపలివైపు ఒక మచ్చ. దాని పక్కన ఇంకోటి. కారంబొట్లు చిందినట్టు తొడదాకా పాకాయి. మొత్తం 17. పదిహేనేళ్ల సర్వీసులో ఒక్క ప్యాంటులో 17 బగ్గులు నేనెప్పుడూ చూడలేదు.

దోషి ఎవరో అప్పుడు వెలిగింది. ఇక్కడ నది గట్లన్నీ ఆక్రమించిన హిమాలయన్ బ్లాక్‌బెర్రీ పొద. దాని ముళ్ల ముందు మన రేగుముళ్లు పసిపిల్లలు. 1885 ప్రాంతంలో లూథర్ బర్బాంక్ అనే మొక్కల పెంపకందారు ఇండియా నుంచి తెప్పించిన గింజల్లోంచి వచ్చిందని దానికి హిమాలయ పేరు పెట్టాడు. తీరా చూస్తే దాని సొంతూరు అర్మేనియా వైపు. ఇండియా పేరు చెప్పుకుని వచ్చి, ఏ వీసా గొడవా లేకుండా స్థిరపడి, నది గట్టున ఆస్తులు కూడబెట్టిన ఆ మొక్కను వాషింగ్టన్ ప్రభుత్వం కలుపు జాబితాలో పెట్టింది. జాబితాలో పెడితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. గట్టున దారి అక్కర్లేదు, అడ్డం పడి పోదామన్నది నేనే అనుకోండి, ఆ సంగతి వేరు.

మరమ్మతు పని తేలికే. బట్ట బాగా ఆరాక లోపలివైపు ఒక్కో మచ్చ మీద చుక్క యురెథేన్ జిగురు పెట్టి, ఐస్‌క్రీం పుల్లతో రూపాయి బిళ్లంత పలచగా రాసి, రాత్రంతా కదపకుండా వదిలేయాలి. ఎండ తగిలితే చాలు నిమిషాల్లో గట్టిపడే రకం కూడా ఉంది గానీ, సియాటెల్ చలికాలంలో ఎండ దొరకడం చేప దొరకడం కన్నా కష్టం. అసలు చిక్కు మిగిలిన జిగురుతో. గాలిలో తేమ తగిలితే చాలు ట్యూబులోనే రాయైపోతుంది కాబట్టి మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టమంటారు. కొబ్బరి తురుముకీ గోంగూరకీ మధ్య పెట్టాను. "ఇది తినేదా?" అంది మా ఆవిడ. కాదన్నాను. "అయితే తినేవాటి మధ్య ఎందుకుంది?" అంది. ఏ టెస్ట్ కేసులోనూ నాకు తట్టని ప్రశ్న.

నిన్న మళ్లీ స్నోక్వాల్మీకి వెళ్లాను. పొద చుట్టూ తిరిగి, దారి వెంట బుద్ధిగా దిగాను. మూడు గంటలు నడుం లోతున నిలబడ్డాను. కుడి కాలు ఎండాకాలం ఇసుకలా పొడిగా ఉంది. కారు దగ్గరకొచ్చి, నేల మీద రబ్బరు చాప పరిచి, దాని మీద నిలబడి జాగ్రత్తగా విప్పాను.

ఎడమ మేజోడు కొంచెం బరువుగా అనిపించింది. చెమటే అయ్యుంటుంది.