రెండు నిమిషాల్లో పంతొమ్మిది గంటలు

గంటమ్మా,

నువ్వు క్షేమమని తలుస్తాను. నీకేం లోటు, టేబుల్ మీద బోర్లించిన గిన్నెలా తళతళలాడుతూ కూర్చుంటావు. నేనే బాగాలేను. నిన్న సాయంత్రం, నలుగురిలో మాట్లాడ్డం నేర్చుకునే మన స్పీకింగ్ క్లబ్బు మీటింగులో నువ్వు నన్ను 19 సార్లు పలకరించావు. నేను మాట్లాడిందేమో 2 నిమిషాలు. రెండు నిమిషాల్లో పంతొమ్మిది గంటలు కొట్టించుకున్నవాడు నాకు ముందు ఇంకెవడైనా ఉన్నాడా అని అడుగుదామనే ఈ ఉత్తరం.

మన పరిచయమే తేడాగా మొదలైంది. నేను కొత్తగా చేరిన రోజు ఎవరో "ఇవాళ ఆ కౌంటర్ ఎవరు?" అని అడిగితే, నేను గది నలుమూలలా చూసి "ఏ కౌంటర్?" అన్నాను. అందరూ నవ్వారు. "ఆ..." అని సాగదీసేవాళ్ళను లెక్కపెట్టే మనిషినే అలా పిలుస్తారని తర్వాత తెలిసింది. ఆ మనిషికి జీతం లేదు, చేతికింద నువ్వున్నావు. "ఆ", "ఊ", "అంటే", "ఏంటంటే", "అన్నమాట", "బేసిగ్గా", "యాక్చువల్లీ", వీటిలో ఏది ఎవరి నోరు జారినా నువ్వు టింగుమంటావు, ఆయన కాగితం మీద గీత పెడతాడు.

నిన్న నన్ను టేబుల్ టాపిక్స్‌కి పిలిచారు. అంటే అప్పటికప్పుడు చీటీ చేతిలో పెట్టి మాట్లాడమంటారు. (ఇప్పుడు రాసిన "అంటే"కి మోగకు, అది అర్థం చెప్పడానికి వాడింది.) చీటీలో "మీరు గొడుగు అయితే ఏం చేస్తారు?" అని ఉంది. ఇన్నేళ్ళుగా మనిషినై ఉండి ఏం చేయాలో తేల్చుకోలేనివాణ్ణి, నన్నా ఇది అడగడం. "అంటే..." అన్నాను. టింగ్. "అంటే, గొడుగు ఏంటంటే..." టింగ్, టింగ్. నువ్వు మోగినప్పుడల్లా చెప్పబోయింది మర్చిపోయి "ఆ..." అన్నాను, దానికి మళ్ళీ మోగావు. ఆ 19లో సగం నేరాలు నువ్వు చేయించినవే.

సమయం చూసే టైమర్ నిమిషానికి ఆకుపచ్చ కార్డు చూపిస్తాడు, నిమిషంన్నరకు పసుపు, రెండుకి ఎరుపు. పసుపు చూశాక బుర్రలో ఒక్క మాట మిగల్లేదు, నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. మౌనానికి నువ్వు మోగవుగా! తర్వాత నేనెలా మాట్లాడానో చెప్పాల్సిన ఇవాల్యుయేటర్ గారు లేచి "గొడుగు దగ్గర మీరిచ్చిన ఆ పాజ్ అద్భుతం" అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. అక్కడ దేనికైనా కొడతారనుకో, కుర్చీ సరిచేసినా కొడతారు.

నీ మీద చదువుకున్నవాళ్ళ ఫిర్యాదు కూడా ఒకటుంది. 2002లో క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళ "అ", "అమ్"లను పట్టుకుని కూర్చున్నారు. అవి తప్పులు కావు, అవీ మాటలే అని వాదించారు. "అ" అంటే కాస్త ఆగబోతున్నానని, "అమ్" అంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతానని ఎదుటివాడికి చెప్పడమేనట. మన "అంటే..." చేసే పనీ అదే కదా, మాట దారిలో ఉంది, వచ్చేదాకా నువ్వు అందుకోకు అని. నువ్వేమో ఆ కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే కొడుతున్నావు.

మన అవధానంలోనూ గంట ఉంది. ఒక పృచ్ఛకుడు మధ్యమధ్యలో గంట కొడుతుంటే, అవధాని పద్యాలు చెబుతూనే ఆ దెబ్బలు మనసులో లెక్కపెట్టుకుని చివర్లో ఎన్నో చెబుతాడు. అక్కడ గంటను మనిషి లెక్కపెడతాడు. ఇక్కడికి వచ్చేసరికి నీకు మనిషిని లెక్కపెట్టేంత హోదా వచ్చింది. మన మీటింగు పద్ధతులన్నీ 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ అనే ప్రసంగాల క్లబ్బు వాళ్ళవి. మన క్లబ్బు వాళ్ళకేమీ చుట్టం కాదు, చూసి దించుకుందంతే. దించుకున్నదాంట్లో కూడా నిన్ను గట్టిగా పట్టుకుంది, మిగతావి వదులుగా పట్టుకుంది.

నాకు అసలు మండింది మాత్రం నా 19 గురించి కాదు. నిన్న ఒకావిడ మొదటి ప్రసంగం చేసింది, ఐస్ బ్రేకర్. చేతిలో కాగితం వణుకుతోంది. వాళ్ళ నాన్నగారికి నత్తి ఉండేదని, నలుగురిలో ఆయన నోరు విప్పేవారు కాదని, తనకూ ఆ భయం పట్టుకుందని చెబుతూ "ఆయన... ఆ..." అని ఆగింది. గదిలో ఊపిరి చప్పుడు కూడా లేదు. నువ్వు టింగుమన్నావు! కొట్టిన చెయ్యి అక్కణ్ణించి ఆవిడ ప్రసంగం అయ్యేదాకా నీ మీద వాలలేదు, అది గమనించావా?

ఆవిడ తర్వాత లేచినాయన 7 నిమిషాలు అద్దం ముందు వల్లెవేసుకొచ్చిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నీ లెక్కలో ఆయనకు సున్నా. బెస్ట్ స్పీకర్ కూడా ఆయనే. ఏం చెప్పాడంటావా? లక్ష్యం గురించో, గద్ద గురించో. రెండూ ఉన్నట్టున్నాయి.

ఇక అధ్యక్షులవారి సంగతి. ప్రకటనలు చదివిన నాలుగు నిమిషాల్లో ఆయన "సో" అని ఎన్నిసార్లన్నారో నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను, వేళ్ళు చాల్లేదు. నీకు మాత్రం గొంతు పట్టేసింది. చివర్లో ఆ కౌంటర్ తన రిపోర్టు చదువుతూ "అంటే... మీరు అంటే అనేది... ఆ... 11 సార్లు వాడారు" అని నాకే చెప్పాడు. మిగతా 8 దేనికో పడ్డాయట. అప్పుడూ నువ్వు మోగలేదు. ఎలా మోగుతావులే, కొట్టేవాడే మైకు ముందున్నాడాయె.

నీవల్ల మేలే లేదని అనను. ఫోనులో మాట్లాడుతుంటే నా "అన్నమాట" ఇప్పుడు నాకే వినపడుతోంది. చిక్కేమిటంటే, అందరివీ వినపడుతున్నాయి. మొన్న మా ఆవిడ ఏదో చాలాసేపు చెప్పి "వింటున్నారా అసలు?" అంది. "విన్నాను, ఏడు అంటేలు, రెండు ఏంటంటేలు" అన్నాను. తర్వాత జరిగినదానికి ఎర్ర కార్డు చూపించే టైమర్ ఎవరూ లేకపోయారు.

వచ్చే వారం పాత్రల జాబితా ఇందాకే వచ్చింది. ఆ కౌంటర్ నేనే. ప్రకటనలు చదివేది ఎప్పటిలాగే అధ్యక్షులవారు. కాబట్టి ఈ వారమంతా కాస్త విశ్రాంతి తీసుకుని, గొంతు బాగుచేసుకుని రా.

ఇట్లు,
అంటే... ఆ...
నీ పంతొమ్మిది గంటలవాడు