వంతెన లేని చోటే ఉమ్మడి కుటుంబం

ఉమ్మడి కుటుంబం ఎందుకు కూలిపోయిందో చెప్పడానికి మనవాళ్లలో ప్రతివాడికీ ఒక సిద్ధాంతం ఉంది. ప్రవచనకారులు విలువలు పోయాయన్నారు, టీవీ చర్చల్లో పెద్దమనుషులు సెల్‌ఫోన్ అన్నారు, మా పెదనాన్నగారు అపార్ట్‌మెంట్లన్నారు, మా పిన్ని అయితే మొహమాటం లేకుండా కోడళ్లన్నారు. అసలు కారణం ఎవరికీ తట్టలేదు. అసలు కారణం రోడ్డు. అలిగిన మనిషి కారు తాళాలు తీసుకుని బయటికి పోగలిగినంత కాలం ఏ కుటుంబమూ ఉమ్మడిగా ఉండదు, ఇది నా ప్రతిపాదన. మరి మందేమిటి? కుటుంబాన్ని మొత్తంగా ఎత్తి, డిసెంబర్ చివరి వారంలో, వంతెన లేని ఒక దీవి మీద, ఒకే ఒక్క పెద్ద హాలు ఉన్న చెక్క ఇంట్లో పడేయడం. సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఈ చికిత్సను చాలా ఏళ్లుగా వాడుతున్నారు, కాకపోతే దాన్ని వెకేషన్ అనుకుంటున్నారు.

క్రిస్మస్‌కే ఎందుకంటారా? సంక్రాంతికి ఇక్కడ సెలవు ఇవ్వరు కాబట్టి. దసరాకీ ఇవ్వరు, ఉగాది రోజు పొద్దున పచ్చడి నాలిక్కి రాసుకుని తొమ్మిదింటి మీటింగ్‌లో కూర్చోవాలి. డిసెంబర్ చివర్లో మాత్రం పిల్లల బడి రెండు వారాలు మూసేస్తారు, ఆఫీసులో మెయిల్ పంపినా జవాబిచ్చేవాడు ఉండడు, మిగిలిన లీవులు వాడకపోతే కొన్ని కంపెనీల్లో మురిగిపోతాయి. అందుకని మన పండగలన్నీ కలిపి కట్టగట్టి క్రిస్మస్ నెత్తిన పెట్టాం.

చికిత్సకి సరైన చోటు శాన్ వాన్ దీవులు. సియాటిల్‌కి ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉంటాయి, దీవులు చాలానే ఉన్నా ప్రభుత్వ ఫెర్రీ ఆగేది నాలుగింటి దగ్గరే: లోపెజ్, షా, ఓర్కస్, శాన్ వాన్. వంతెన దేనికీ లేదు. అనకోర్టెస్ అనే ఊళ్లో కారుతో సహా ఫెర్రీ ఎక్కాలి. కారుకి చోటు ఖాయం కావాలంటే రిజర్వేషన్ చేసుకోవాలి, ఆ రిజర్వేషన్లు మూడు విడతలుగా వదులుతారు: సీజన్‌కి రెండు నెలల ముందు కొన్ని, ప్రయాణానికి రెండు వారాల ముందు కొన్ని, రెండు రోజుల ముందు మరికొన్ని. పొద్దున ఏడింటికి. తిరుమల దర్శనం టికెట్లకి మూడు ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్న అనుభవం ఉన్న జాతి మనది, ఇందులో మనల్ని కొట్టేవాడు లేడు. ఇంకో సంగతి, టికెట్ డబ్బు అనకోర్టెస్‌లో వెళ్లేటప్పుడే తీసుకుంటారు, తిరుగు ప్రయాణానికి టికెట్ లేదు. దీవికి రావడానికి డబ్బు కట్టాలి, దీవి నుంచి పోవడం ఉచితం. అయినా పోవడానికి కూడా ఫెర్రీలో చోటు దొరకాలి, మా విద్య మొత్తం అక్కడే ఉంది.

మా మావగారిది కోనసీమలో ఒక లంక. చిన్నప్పుడు నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద, అంటే బల్లకట్టు మీద తిరిగిన మనిషి. అనకోర్టెస్‌లో ఆ తెల్లటి అంతస్తుల ఓడ నోరు తెరిచి మా కారుని మింగుతుంటే అందరం ఫొటోలు తీసుకుంటున్నాం, ఆయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, "పంటే కదరా ఇది, క్యాంటీన్ పెట్టారంతే" అన్నారు. ఆయన బాధ వేరే. వాళ్ల లంకకి పిల్లని చూసుకోవడానికి వచ్చినవాళ్లు తిరుగు పంటు దాకా కూడా ఆగకుండా, రేవులోనే సంబంధం వద్దని చెప్పేవారట, కారణం వంతెన లేకపోవడం. వంతెన కోసం పెట్టిన అర్జీల కట్ట ఇప్పటికీ బీరువాలో ఉందట. అలాంటి మనిషికి, వంతెన లేనందుకే ఇక్కడ ఇంటద్దె ఎక్కువ అని అల్లుడు చెబితే ఎలా ఉంటుంది? ఆయన ఫెర్రీ దిగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. చికిత్స మొదలైందన్నమాట.

మేం దిగింది ఓర్కస్ దీవిలో. క్యాబిన్ ఫొటోల్లో కనిపించిన మంచు లేదు. ఒలింపిక్ పర్వతాలు మబ్బుల్ని అటే ఆపేస్తాయి కాబట్టి ఇక్కడ సియాటిల్‌లో కంటే వాన కూడా తక్కువ, మంచు అసలే అరుదు. పిల్లలు కొత్త స్నో బూట్లు వేసుకుని తడి గడ్డి మీద నిలబడ్డారు. టేబుల్ మీద ఒక లావు ఫైలు, అందులో ఇంటివాళ్ల నియమాలు: సెప్టిక్ ట్యాంకు సున్నితమైనది, నీళ్లు బావివి, పొదుపుగా వాడండి, ఒకరి తర్వాత ఒకరు స్నానం చేయండి, కరెంటు పోతే కంగారు పడకండి, టార్చి సొరుగులో ఉంది. మా అత్తగారు నాచేత మొత్తం చదివించుకుని విని, "ఇదంతా మా పుట్టింటి లెక్కే, దీనికి రాత్రికి ఎంతన్నావ్?" అని అడిగారు. నేను వినపడనట్టు సామాన్లు దింపడానికి వెళ్లిపోయాను.

ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుంపావు దాటితే సూర్యుడు ఉండడు, మళ్లీ పొద్దున ఎనిమిదికి గానీ రాడు. మధ్యలో పదహారు గంటల చీకటి, సిగ్నల్ లేని ఫోన్లు, ముగ్గురు అల్లుళ్లూ కొడుకులూ అనదగ్గ మగవాళ్లు, వాళ్ల భార్యలు, పెద్దవాళ్లు, పిల్లలు. ఉమ్మడి కుటుంబం పునరుద్ధరణకి ఎన్నేళ్లు పడుతుందని మీ అంచనా? నేను చూసినంతలో ఒక సాయంత్రం చాలు. సియాటిల్‌లో వారానికి చెరి సగం వంట చేసుకునే జంటలు, గిన్నెలు కడగడం మీద పట్టిక రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్న జంటలు, ఆ గడప దాటగానే ఒక్క మాటైనా అనుకోకుండా రెండుగా చీలిపోయారు. ఆడవాళ్లు వంటింట్లోకి, మగవాళ్లు మంట దగ్గరికి.

ఈ మంట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హాల్లో ఇనప వుడ్ స్టవ్ ఉంది. దాని పని చాలా సులువు, గంటకో కట్టె వేసి తలుపు మూస్తే చాలు, తొమ్మిదేళ్ల పిల్ల కూడా చేయగలదు, రెండుసార్లు చేసింది కూడా. కానీ మగవాళ్లు ఆ బాధ్యతను చాలా సీరియస్‌గా తీసుకున్నారు. మా తోడల్లుడు గాలి రంధ్రం ఎంత తెరవాలో చూసుకునేవాడు, మా బావమరిది కట్టెల తేమ గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు, నేను పర్యవేక్షణ, మావగారు మా ముగ్గురి మీద పర్యవేక్షణ. లోపలి నుంచి "ఎవరైనా వచ్చి ఈ కుక్కర్ దించుతారా" అని కేక వస్తే, "మంట చూస్తున్నాం" అని నాలుగు గొంతులు ఒకేసారి పలికేవి. ఒక జాతి అంతా పదివేల ఏళ్లు వెనక్కి వెళ్లి గుహ ముందు కూర్చున్నా ఇంత ఐకమత్యం ఉండదు. వంటింట్లో ఉన్నది రెండు మూకుళ్లు, ఒక మొండి కత్తి, పప్పుకి సరిపడని ఒక గిన్నె. వాటితోనే వాళ్లు ఇంతమందికి అన్నం, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి, తాలింపు వేసిన ప్రతిసారీ మోగే స్మోక్ అలారాన్ని చీపురు కర్రతో నొక్కి ఆపి, మాకు వడ్డించారు. మేం కట్టె పళ్లేల్లో తింటూ, క్యాబిన్ జీవితంలో ఎంత ప్రశాంతత ఉందో అని అనుకున్నాం. విలువలు తిరిగొచ్చాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

పునరుద్ధరించిన ఉమ్మడి కుటుంబంలో యుద్ధం కూడా ఉంటుంది, లేకపోతే అది ఉత్త గెస్ట్ హౌస్. ఈ దీవులకి ఆ విషయంలో మంచి చరిత్ర ఉంది. 1859లో పక్కనున్న శాన్ వాన్ దీవిలో ఒక అమెరికన్ రైతు బంగాళాదుంప మడిలో పడ్డ ఇంగ్లిష్ కంపెనీ పందిని కాల్చి చంపాడు. దీవి ఎవరిదో అప్పటికి తేలలేదు, కాబట్టి పంది ఖరీదు గొడవ కాస్తా అమెరికా, బ్రిటన్ సైన్యాలు దిగేదాకా వెళ్లింది. ఒకళ్లు దక్షిణం చివర, ఒకళ్లు ఉత్తరం చివర శిబిరాలు వేసుకుని పన్నెండేళ్లు కూర్చున్నారు. పోయిన ప్రాణం ఆ పందిదొక్కటే. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి ఒకటో విల్‌హెల్మ్ మధ్యవర్తిగా కూర్చుని దీవి అమెరికాకి ఇచ్చాడు.

మా పంది, డికాక్షన్. మావగారి కోసమని రాత్రి ఫిల్టర్‌లో దించి పెట్టిన డికాక్షన్ తెల్లారేసరికి సగమయింది. అంతే, పై అంతస్తు శిబిరం, కింది అంతస్తు శిబిరం. పైవాళ్లు హీటర్ పెంచడం, కిందివాళ్లు తగ్గించడం, తువ్వాళ్లు లెక్కపెట్టడం, "మా ఇంట్లో అయితే పెద్దవాళ్లు తాగాకే తాగుతాం" అని ఎవరినీ చూడకుండా గోడతో చెప్పడం. మామూలుగా అయితే ఈపాటికి ఒక కుటుంబం "పిల్లాడికి జ్వరం" అని బయల్దేరేది. ఫెర్రీలో చోటు లేదు. అందుకని అందరూ ఉన్నారు, అలిగి ఒకే సోఫా మీద కూర్చున్నారు.

మధ్యవర్తిగా మా తోడల్లుడి అమ్మగారు దొరికారు. ఆవిడది గుంటూరు, టీ తప్ప కాఫీ ముట్టరు, అందుచేత తటస్థ దేశం. పైగా ఆ ఇంటికి క్రిస్మస్ కోసం వచ్చింది ఆవిడ ఒక్కరే, మిగతా వాళ్లమంతా సెలవుల కోసం వచ్చాం. ఇరవై ఐదు పొద్దున ఇంకా చీకటిగా ఉండగానే కొత్త చీర కట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని బైబిల్ చదువుకున్నారు, ఎవరికీ నిద్రాభంగం కాకుండా గొంతు తగ్గించి ఒక పాట పాడుకున్నారు. మా అత్తగారు లేచొచ్చి ఆవిడ పక్కనే కూర్చుని, పాట అయ్యాక, "వదినగారూ, ఈ డికాక్షన్ సంగతి మీరే తేల్చాలి" అన్నారు. ఆవిడ కళ్లజోడు తీసి, "ఎవరు ముందు లేచి దించితే వాళ్లదే వదినగారూ, ఇందులో ఏముంది" అన్నారు. ఈ తీర్పు వల్ల ఆ రోజు నుంచి మగవాళ్లెవరికీ మంచి కాఫీ దక్కలేదు. చక్రవర్తులు ఇచ్చే తీర్పుల్లో ఇలాంటి అన్యాయాలు ఉంటాయి.

ఇక కొండ కూడా ఎక్కాం. మౌంట్ కాన్‌స్టిట్యూషన్, దాదాపు 2,400 అడుగులు, ఈ దీవులన్నిటిలో ఎత్తైనది, పైన 1936లో కట్టిన రాతి బురుజు. ఆకాశం బాగుంటే కెనడా కనిపిస్తుందట. మాకు మా బావమరిది భార్య కనిపించింది, పొగమంచులో, పిల్లల బ్యాగులన్నీ తానే మోస్తూ.

కాబట్టి ప్రభుత్వాలకు నా విన్నపం ఏమిటంటే, కుటుంబ విలువల మీద సదస్సులు ఆపి, ఆ డబ్బు పెట్టి నాలుగు పంటులు కొనండి. పెళ్లి చూపుల తర్వాత, నిశ్చితార్థానికి ముందు, రెండు వైపుల వాళ్లనీ డిసెంబర్‌లో ఒక దీవిలో దింపి రండి. కుక్కర్ ఒక్కటే ఇవ్వండి. ఎవరు మంట చూసుకుంటారో, ఎవరు కుక్కర్ చూసుకుంటారో రాసుకోండి, జాతకాలు అక్కర్లేదు.

వచ్చే ఏడాదికి ఇప్పుడే వాట్సాప్ గ్రూపు పెట్టారు. మా బావమరిది మాత్రం ఈసారి విడ్బీ దీవికి పోదాం అంటున్నాడు, అక్కడ డిసెప్షన్ పాస్ వంతెన 1935 నుంచీ ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు కారేసుకుని రావచ్చు, రిజర్వేషన్ టెన్షన్ ఉండదు, మగవాళ్లందరం వెంటనే బొటనవేళ్లు పెట్టాం. అత్తగారు వాయిస్ మెసేజ్ పంపారు. "ఒద్దు నాయనా. మా లంకకి వంతెన లేనన్నాళ్లూ సంక్రాంతికొచ్చిన అల్లుళ్లు కనుమ దాటాక గానీ కదిలేవాళ్లు కాదు. వంతెన పడ్డాక భోగిమంట ఆరకుండానే బండి తీస్తున్నారు. ఆ పడవ దీవే చూడండి, కుక్కర్ మాత్రం ఈసారి రెండు తెండి, ఒకటి మంట దగ్గర కూర్చునేవాళ్లకి."